మతి చెదరకముందే: యౌవనస్థులకు దూరమునుండి అందు చికిత్స



ఈ నెల పాఠమునకు మేము తీసికొనిన సంగతి మన ఇండ్లలో తలుపులు వేసికొని మాటలాడుకొను సంగతి. పదవ తరగతి వరకు చక్కగా చదువుకొనిన పిల్లవాడు ఇంటరులోనో డిగ్రీలోనో చేరిన తరువాత కొంచెము కొంచెముగా మారిపోవును. రాత్రులు నిద్రపోడు. స్నేహితులను విడిచిపెట్టును. స్నానముమీద, బట్టలమీద శ్రద్ధ తగ్గిపోవును. బస్టాండులో ఎవరైన నవ్వినయెడల తన్ను చూచియే నవ్విరనును. ఎవరును లేనప్పుడు తన్ను పేరు పెట్టి పిలిచినట్లు వినబడెనని చెప్పును. చెప్పి, కొంతసేపటికి “ఏమో, అది నా భ్రమయే కావచ్చును” అని తానే అనును. తల్లి “వీనికేదో గాలి సోకినది” అని యేడ్చును. తండ్రి “చదువు ఎగగొట్టుటకు వేషములు వేయుచున్నాడు” అని కోపించును. ఊరిలో తెలిసినయెడల పెద్దపిల్లకు సంబంధములు రావని ఇద్దరును దాచుదురు. ఆడపిల్లయైనచో మరింత గట్టిగా దాచుదురు. ఆ దాచుటలో ఒక సంవత్సరము గడచును, రెండు గడచును.

“అది నా భ్రమయే కావచ్చును” అని ఆ పిల్లవాడు పలికిన మాటను గమనింపుడి. ఈ పాఠమంతయు ఆ మాటమీదనే ఆధారపడియున్నది. లేని స్వరములు వినుట, లేనివి చూచుట, జరుగని సంగతులు జరుగుచున్నవని గట్టిగా నమ్ముట, ఎవరు చెప్పినను ఆ నమ్మిక కదలకుండుట — ఇట్టి స్థితిని వైద్యులు సైకోసిస్ అందురు; మనము మతి చలించుట అందుము. కాని ఆ స్థితికి ముందు ఒక గడప యున్నది. ఆ గడపయొద్ద స్వరము వినబడును గాని సందేహము ఇంకను మిగిలియుండును. పొరుగువారు తనకు కీడు తలపెట్టుచున్నారను తలంపు వచ్చును గాని, కాకపోవచ్చునను తలంపు కూడ దాని ప్రక్కనే యుండును. ఆ సందేహము నిలిచియున్నంతవరకు అతనితో ఆ సంగతిని గూర్చి విచారించి మాటలాడుటకు చోటున్నది.

పూర్వము వైద్యులు కూడ రోగము పూర్తిగా బయటపడువరకు ఏమియు చేయలేమని అనుకొనెడివారు. 1994లో ఆస్ట్రేలియా దేశపు మెల్‌బోర్ను నగరములో ఆలిసన్ యంగ్, పాట్రిక్ మెగోరీ అను వైద్యులు, వారితో పనిచేయువారు కలిసి, గడపయొద్దనున్న యౌవనస్థులకొరకే పేస్ అను పేరుతో ఒక క్లినిక్కు తెరచిరి. ఎవరిని ఈ గడపయొద్దనున్న వారిగా ఎంచవలెనో వారు మూడు గుర్తులు ఏర్పరచిరి. పైన చెప్పినట్లు సందేహముతో కూడిన స్వరములు, అనుమానములు కలవారు మొదటి గుంపు. నిజముగానే మతి చలించి, వారము దినములు తిరుగకముందే దానంతట అదే తగ్గినవారు రెండవ గుంపు. తలిదండ్రులలోగాని తోబుట్టువులలోగాని ఒకరికి ఈ రోగముండి, తాను కూడ ఇటీవల చదువులోను పనిలోను చాల వెనుకబడినవారు మూడవ గుంపు. తరువాత ఇట్టి క్లినిక్కులు ఇంగ్లాండులోను అమెరికాలోను ఇతర దేశములలోను ఏర్పడెను.

ఇట్టివారిలో ఎందరికి నిజముగా రోగము వచ్చును? అనేక దేశముల లెక్కలను కూర్చి 2021లో ప్రకటించిన పరిశీలన ప్రకారము, ఆ క్లినిక్కులకు వచ్చిన ప్రతి 100 మందిలో 3 సంవత్సరములలో రోగములో పడినవారు సుమారు 25 మంది. ఈ లెక్కను తలిదండ్రులు రెండు వైపులనుండియు చదువవలెను. నలుగురిలో ఒకరనగా అది చిన్న అపాయము కాదు, ఊరకుండుటకు వీలులేదు. అయితే ముగ్గురికి ఆ కాలములో రోగము రాలేదు గనుక, గడపయొద్దనున్న పిల్లవానికి పిచ్చివాడని పేరు పెట్టుట అన్యాయము. పల్లెలో ఒకసారి పెట్టిన పేరు చచ్చువరకు పోదని మనకందరికి తెలియును. రోగము రాని ఆ ముగ్గురిలో కూడ అనేకులు దిగులుతోను, భయముతోను, చదువు సాగక బాధపడుచునే యుందురు గనుక వారికిని సహాయము కావలసియున్నది.

మందులను గూర్చి మీరడుగుదురు. ఇంగ్లాండు దేశపు వైద్యనియమములను ఏర్పరచు నైస్ అను సంస్థ 2014లో తేటగా చెప్పినదేమనగా, గడపయొద్దనున్న వారికి రోగము రాకుండ ఆపవలెనను ఉద్దేశముతో సైకోసిస్ మందులు ఇయ్యవద్దు. మాటల ద్వారా చేయు చికిత్సను, వీలైనయెడల కుటుంబముతో కూడ చేయు చికిత్సను ఇయ్యవలెను. ఈ మాటను తప్పుగా పట్టుకొనవద్దు. గడప దాటి రోగము బయటపడినవారికి మందులు తప్పక కావలెను. డాక్టరు వ్రాసిన మాత్రలను “మా పాస్టరుగారి పత్రికలో మందులు వద్దని వ్రాసిరి” అని ఎవరును మానకూడదు. మందులు కావలెనో అక్కరలేదో తేల్చువాడు వైద్యుడే.

మాటల ద్వారా చికిత్స అనగా బుద్ధి చెప్పుట కాదు. బుద్ధి చెప్పువారు మన ఊళ్లలో కొదువలేదు. వారివలన ఆ పిల్లవానికి మేలు కలిగినయెడల ఎప్పుడో కలిగియుండును. తలంపునకును నడవడికిని సంబంధించిన ఈ చికిత్సను కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ అందురు. దాని పద్ధతి ఇట్లుండును. బస్టాండులో ఇద్దరు నవ్విరి. అది జరిగిన సంగతి. నన్ను చూచియే నవ్విరి. అది నాకు తోచిన అర్థము. భయము కలిగెను, తల వంచుకొని ఇంటికి పరుగెత్తితిని, మరుసటి దినము కాలేజీకి పోలేదు. ఈ నాలుగింటిని కౌన్సిలరు పిల్లవానిచేత వేరువేరుగా చెప్పించి వ్రాయించును. “అది నీ భ్రమ” అని ఆయన అనడు. “నిజమే, వారు నవ్విరి” అనియు ఒప్పుకొని వదలడు. “వారు నవ్వుటకు ఇంకేమి కారణములు ఉండవచ్చును?” అని అడుగును. ఫోనులో ఏదో చూచి నవ్వియుండవచ్చును. మాస్టరుగారిని గూర్చి నవ్వియుండవచ్చును. ఒక్కొక్క కారణమునకు నూటికి ఎంత అవకాశమున్నదో పిల్లవాడే చెప్పవలెను. తరువాత ఒక చిన్న పరీక్ష పెట్టుకొందురు. టోపీ, ఇయర్‌ఫోనులు లేకుండ, తల ఎత్తికొని బస్టాండులో పది నిమిషములు నిలువవలెను. ఎందరు నిజముగా తనవైపు చూచిరో లెక్కపెట్టవలెను. తల వంచుకొని నడచువాడు ఎవరు చూచుచున్నారో ఎన్నడును తెలిసికొనలేడు గదా! అనుమానమును పోషించునది ఆ తల వంచుటయే. వారమునకొక్క పర్యాయము, నాలుగైదు నెలలు, ఒక్కొక్కప్పుడు ఆరు నెలలు ఈ సంభాషణ సాగును.

ఇట్టి సంభాషణకు నేర్చినవారు మన పల్లెలలో దొరకరు. పట్టణములలో కూడ కొద్దిమందియే యున్నారు. వారమువారము పట్టణమునకు పోయి వచ్చుటకు బస్సు చార్జీలు, ఇద్దరికి కూలి పోవుట, ఇవి రెండు నెలలకే కుటుంబమును అలయజేయును. అంతకంటె పెద్ద అడ్డము ఒకటి యున్నది. ఎర్రగడ్డ అను ఊరి పేరునే మనము తిట్టుగా వాడుకొనుచున్నాము. ఆ ఆసుపత్రి గేటు దాటుచుండగా తెలిసినవారు చూచెదరేమోయని భయపడని తండ్రి ఎవడు? కాబట్టి చికిత్సయే ఇంటికి రావలసియున్నది. దూరముననుండి ఆదరించుట మనకు క్రొత్త కాదు. పౌలు తాను పోలేని సంఘములను, చెరసాలలోనుండి కూడ, పత్రికల ద్వారానే పరామర్శించెను గదా.

మన పొరుగు రాష్ట్రములో దీనికి మంచి ఉదాహరణ కలదు. డాక్టరు శారదా మీనన్ గారు 1984లో మద్రాసులో స్కార్ఫ్ అను సంస్థను స్థాపించిరి. మన దేశములో మనోవైద్యము చేపట్టిన మొదటి స్త్రీ వైద్యురాలు ఆమెయే, 2021లో కన్నుమూసిరి. ఆ సంస్థవారు 2010లో పుదుక్కోట్టై జిల్లాలో ఒక బస్సును పల్లెలకు పంపనారంభించిరి. రోగి బస్సులోపల తెరయెదుట కూర్చుండును. డాక్టరు చెన్నైలో కూర్చుండి అతనితో మాటలాడును. మందులు ఆ బస్సులోనే ఇచ్చెదరు. ఊరి పరిసరములలోని కార్యకర్తలు ఇంటింటికి పోయి పిలిచి తెచ్చుట, మరల పోయి పలుకరించుట చేసిరి. తెర యొక్కటే యుండి ఈ కార్యకర్తలు లేనియెడల బస్సు ఖాళీగా తిరిగిపోయెడిదని మా అభిప్రాయము.

తరువాత 2020లో కరోనా వచ్చి, ప్రపంచమంతట క్లినిక్కులు మూతపడినప్పుడు, అంతవరకు సందేహించిన వైద్యులు కూడ ఫోనును పట్టుకొనిరి. మన దేశములో ఆ సంవత్సరము మార్చి నెలలోనే దూరవైద్యమునకు నియమములు వెలువడెను. 2022 అక్టోబరు 10వ తేదీన ప్రభుత్వము టెలీమానస్ అను ఉచిత సేవను ప్రారంభించినది. 14416 అను నంబరునకు పగలుగాని రాత్రిగాని ఫోను చేసినయెడల తెలుగులోనే మాటలాడవచ్చును. మొదట కౌన్సిలరు వినును; అవసరమైనచో మనోవైద్య నిపుణునికి అప్పగించును, లేదా దగ్గరి ఆసుపత్రికి దారి చూపును. అది వారమువారము జరుగు చికిత్స కాదు, దానికి ద్వారము మాత్రమే. అయినను ద్వారము ఎక్కడనో తెలియక ఏండ్లు పోగొట్టుకొనువారికి అది చిన్న సంగతి కాదు.

దూరమునుండి చేసినది పనిచేయునా అని అడుగుట న్యాయమే. 2017లో ఆక్స్‌ఫర్డు పండితులు యునైటెడ్ కింగ్‌డములోని 26 విశ్వవిద్యాలయములనుండి నిద్రపట్టని 3,755 మంది విద్యార్థులను తీసికొని, సగముమందికి ఇంటర్నెట్టు ద్వారా నిద్రను గూర్చిన చికిత్స నిచ్చిరి. నిద్ర బాగుపడెను, దానితోకూడ అనుమానములును, లేనివి వినుట చూచుటయు కొంత తగ్గెను. ఏలీయా బదరీచెట్టు క్రింద చచ్చిపోగోరినప్పుడు దేవుడు అతనికి మొదట నిద్రను, రొట్టెను, నీళ్లను ఇచ్చెను. ప్రశ్న అడిగినది తరువాతనే. నిద్ర తప్పిన పిల్లవానికి మనము మొదట ప్రశ్నలు వేయుచున్నాము. మరియొక ప్రక్క, మెల్‌బోర్నులో ఒకసారి రోగమువచ్చి కోలుకొనిన 170 మంది యౌవనస్థులకు హొరైజన్స్ అను ఇంటర్నెట్టు సేవను 18 నెలలు ఇచ్చి చూడగా, నలుగురితో కలిసి మెలగుటలో మామూలు చికిత్సకంటె ఎక్కువ మేలు కనబడలేదు. అత్యవసరముగా ఆసుపత్రికి పరుగెత్తుట మాత్రము తగ్గెను. కనుక ఫోనులో సమస్తమును బాగగునని ఎవరైన చెప్పినయెడల నమ్మవద్దు.

ఇప్పుడు ఇంటిలో ఇది ఎట్లు జరుగునో చెప్పెదము. ఎందుకనగా పల్లెలో చికిత్స చెడిపోవునది ఇక్కడనే. ఒకే గది యిల్లు, ప్రక్కన వంట, ఎదుట టీవీ, కిటికీయొద్ద పొరుగింటి అత్త. ఇట్టి చోట ఏ పిల్లవాడును తనకు స్వరము వినబడుచున్నదని చెప్పడు. “బాగానే యున్నానండి” అని ఫోను పెట్టివేయును. డాబామీద గాని, పొలముగట్టున గాని, సిగ్నలు అందు ఒక ఏకాంతస్థలము చూడవలెను. వారమునకొక గంట మందిరపు ప్రక్కగదిని తాళము తీసి ఇచ్చుట సంఘమునకు కష్టము కాదు. అయితే కాపరియైనను పెద్దలైనను లోపల కూర్చుండరాదు, బయట నిలిచి వినరాదు, తరువాత “ఏమి చెప్పితివి?” అని అడుగరాదు.

మంచి కౌన్సిలరు ప్రతిసారి మొదట, నీవిప్పుడు ఎక్కడనున్నావు, ప్రక్కన ఎవరైన నున్నారా, ఫోను తెగిపోయిన ఏ నంబరునకు చేయవలెను అని అడుగును. అపాయము కలిగినప్పుడు పిలుచుటకు ఇంటిలోని ఒక పెద్దవారి నంబరు తీసికొని, ఎట్టి సందర్భములో వారిని పిలుచునో పిల్లవానికి ముందే చెప్పును. ఎవరైన గదిలోనికి వచ్చినయెడల మాట మార్చుటకు ఇద్దరును ఒక గురుతు మాట ఏర్పరచుకొందురు. ఫోనులోనే తన్ను ఎవరో వినుచున్నారని, కెమెరాలోనుండి చూచుచున్నారని అనుమానించు పిల్లలు కలరు. వారిని వీడియోలోనికి బలవంతపెట్టరాదు. మాట మాత్రముతో మొదలుపెట్టి, ఆ అనుమానమునే మొదటి పాఠముగా తీసికొనవలెను. అట్టివారు కొందరు ఎదురుగా కూర్చుండినప్పటికంటె ఫోనులోనే ఎక్కువ ధైర్యముగా మాటలాడుదురు. కొందరు మాత్రము నేరుగా చూడనిదే నోరు విప్పరు. అట్టివారిని పట్టణమునకే తీసికొనిపోవలెను.

ఫోనుతో సరిపెట్టుకొనకూడని సమయములు కూడ కలవు. చచ్చిపోవుదునని చెప్పుట, ఎవరినైన కొట్టుమని స్వరము ఆజ్ఞాపించుచున్నదనుట, దినములతరబడి నిద్రాహారములు మానుట, ఆయుధము పట్టుట — వీటిలో ఏది కనబడినను ఆ గంటలోనే 108ని పిలిచి ఆసుపత్రికి చేర్చవలెను. పురుగుమందు డబ్బాలను ఇంటిలోనుండి తీసివేయవలెను.

ఇక మన మందిరములకు తగులు సంగతి. ప్రార్థన చేయవద్దని మేము చెప్పుట లేదు, మేమును చేయుచున్నాము. కాని నిద్రాహారములు లేక చిక్కిపోయిన పిల్లవానిచేత ఉపవాసము చేయించుట, రాత్రంతయు కూర్చుండబెట్టుట, దయ్యము పేరున కొట్టుట, కట్టివేయుట — ఇవి చికిత్సయు కావు, ప్రేమయు కావు. 2001 ఆగస్టు 6న తమిళనాటి ఏర్వాడిలో ఒక షెడ్డు అంటుకొనగా, గొలుసులతో కట్టబడియున్న 28 మంది మనోరోగులు కాలి చనిపోయిరి. స్వస్థతకొరకు తమవారిని అక్కడకు తెచ్చిన కుటుంబములు మనవంటివే. ఇది వారి మతములోని సంగతి యని మనము తప్పించుకొనరాదు. 2017 మనోవైద్య చట్టము గొలుసులతో కట్టుటను ఏ రూపములోనైనను నిషేధించినది.

“దేవుడు నాతో మాటలాడెను” అని యౌవనస్థుడు చెప్పినయెడల రోగమనవలెనా అని కొందరు కలతపడుదురు. ఒక సంఘమంతయు నమ్ము విశ్వాసమును వైద్యులు రోగముగా లెక్కింపరు. అతని సంఘమువారికే ఆ మాట వింతగా తోచుచున్నదా, అది అతనిని భయపెట్టి బాధించుచున్నదా, దానివలన తిండి నిద్ర చదువు చెడుచున్నవా అని వారు చూతురు. ఈ సంగతి కౌన్సిలరుకు పిల్లవాడు సిగ్గుపడక చెప్పవచ్చును.

గంజాయిని గూర్చి ఒక్క మాట. 1987లో ప్రకటింపబడిన స్వీడను దేశపు పరిశోధనలో, సైన్యమునకు పిలువబడిన 45,000 మందికి పైగా యువకులను 15 సంవత్సరములు గమనింపగా, 50 పర్యాయములకంటె ఎక్కువ త్రాగినవారిలో స్కిజోఫ్రేనియా, అసలు త్రాగనివారికంటె ఆరు రెట్లు కనబడెను. ఇప్పుడది మన ఊరి కాలేజీ పిల్లలకు కూడ అందుచున్నది. కౌన్సిలరు ఆ సంగతి అడిగినప్పుడు పిల్లవాడు నిజము చెప్పుటకు తండ్రి భయము అడ్డము రాకూడదు.

కుటుంబము చేయగలది చాల యున్నది. అమెరికాలో డేవిడ్ మిక్లోవిట్జ్ అను ఆయన, ఆయన తోటివారు గడపయొద్దనున్న 129 మంది యౌవనస్థుల కుటుంబములతో పరీక్ష చేసి 2014లో ప్రకటించిరి. ఆరు నెలలలో 18 సారులు కుటుంబమంతటితో కూర్చుండినవారికి, మూడుసారులు మాత్రమే కూర్చుండినవారికంటె ఆ వింత అనుభవములు ఎక్కువగా తగ్గెను. అది ఎదురెదురుగా కూర్చుండి చేసినది. ఫోను స్పీకరులో పెట్టి కుటుంబమంతయు చుట్టు కూర్చుండి కూడ ఆ పాఠములు నేర్చుకొనవచ్చును. నేర్చుకొనవలసినది పెద్ద శాస్త్రము కాదు. “రోజంతా పడుకునే ఉంటావు, దున్నపోతూ” అను తండ్రి, “రేపు పొద్దున ఏడింటికి లేచి నాతో పాలకేంద్రానికి వస్తావా, నాన్నా?” అని అడుగుట నేర్చుకొనవలెను. పిల్లవాడు చెప్పినది పూర్తియగువరకు మధ్యలో అందుకొనకుండుట నేర్చుకొనవలెను. ఇది పెద్దవారికి ఎంత కష్టమో ఒక పూట ప్రయత్నించిన తెలియును.

దాచుటవలన కలుగు నష్టమునకు నార్వే దేశములో తూనిక దొరికినది. 1997 మొదలుకొని రోగలాండ్ అను ప్రాంతములో పత్రికలలో, రేడియోలో ఈ గుర్తులను ప్రకటించి, ఉపాధ్యాయులకు నేర్పి, ఎవరు పిలిచినను వచ్చు ఒక బృందమును ఏర్పరచిరి. రోగము బయటపడినదాది చికిత్స అందువరకు, ఇతర ప్రాంతములలో నడిమి లెక్కన 16 వారములు పట్టగా అక్కడ 5 వారములే పట్టెను. పది సంవత్సరముల తరువాత చూడగా, పూర్తిగా కోలుకొనినవారు ఆ ప్రాంతములో 100కి 31 మంది, ఇతర ప్రాంతములలో 15 మంది. అక్క పెండ్లి అయ్యే వరకు ఆగుదమను ఇల్లు ఈ రెండు లెక్కలను ప్రక్కప్రక్కన పెట్టి చూడవలెను. పెండ్లిచూపులకు వచ్చువారికి తమ్ముడు కౌన్సిలరుతో మాటలాడుచున్నాడని చెప్పుట, తమ్ముడు ఇల్లు విడిచి పోయినాడని చెప్పుటకంటె సులభము.

మొదటి ఫోను పిల్లవాడే చేయవలెనను నియమము లేదు. తల్లియైనను, అక్కయైనను 14416కు చేసి అడుగవచ్చును. పిల్లవాడు ఒప్పుకొనువరకు ఆగనక్కరలేదు. చేయుటకుముందు ఒక కాగితముమీద ఈ సంగతులు వ్రాసి దగ్గర పెట్టుకొనుడి: వయస్సు, మార్పు మొదలైన నెల, రాత్రి ఎన్ని గంటలు నిద్రపోవుచున్నాడు, చదువుగాని పనిగాని ఎప్పుడు మానెను, స్వరములను గూర్చి, అనుమానములను గూర్చి అతడు చెప్పిన మాటలు అతని నోటిమాటలలోనే, ఇంటిలో ఇదివరకు ఎవరికైన ఇట్టిది కలదా, ఏ మందులు, ఏ మత్తుపదార్థములు వాడుచున్నాడు. వ్రాయుట రానివారు ఆదివారము ఆరాధన తరువాత మాయొద్దకు గాని, ఊరి ఆశా కార్యకర్తయొద్దకు గాని వచ్చినయెడల వ్రాసియిచ్చెదము. ఆ కాగితము మీ చేతికే ఇచ్చెదము, మాయొద్ద ఉంచుకొనము.